రెయినో తొక్కిన గూడు

ఆల్డర్ నది మీద ఉక్కుతల అనిపించుకోదగ్గ ప్రాణులు రెండే. ఒకటి స్టీల్‌హెడ్ చేప; దానికి ఉక్కు పేరులోనే ఉంది. రెండోది రెయినో కాంటోలా. ఇతనికి పేరులో లేదు గానీ తలలో ఉంది. మొదటిది గాలానికి చిక్కితే పావుగంట గింజుకుని దారికొస్తుంది. రెండోదాన్ని దారికి తెచ్చుకుందామని హిల్మా ముప్ఫయ్యారేళ్ల కిందట పెళ్లాడింది. అది ఇంకా గింజుకుంటూనే ఉంది.

రెయినోకి అరవై ఒకటి. చేపలు పట్టాలన్న సరదా ఉండి చేపల జాడ తెలియని పట్నవాసుల్ని తన చెక్కపడవలో కూర్చోబెట్టుకుని, నది వెంట దిగువకు తీసుకుపోయి, "ఇదిగో, ఇక్కడ విసరండి" అని చూపించడం అతని వృత్తి. ఏటేటా శరత్కాలంలో సముద్రం వదిలి ఏటికి ఎదురీదుతూ వచ్చే సాల్మన్లకి వాటి ముక్కు దారి చెబుతుంది. పట్నవాసులకి రెయినో నోరు చెబుతుంది. ఆ నోరు ఈ ఒడ్డున తెరుచుకుంటే ఆ ఒడ్డున కొంగలు లేస్తాయి.

ఆ నోట్లో అన్నిటికంటే ఎక్కువగా నలిగే మాట గూడు. పక్షి గూడు కాదు, చేప గూడు. సాల్మన్ ఆడచేప గులకరాళ్ల మీద పక్కకి ఒరిగి, తోకతో బాది బాది గుంట తీసి, అందులో గుడ్లు పెట్టి, మళ్లీ పైన రాళ్లు కప్పుతుంది. ఆ తర్వాత అది చచ్చిపోతుంది. గుడ్లు మాత్రం వసంతం దాకా ఆ రాళ్ల కిందే, పారే నీటిలో ఊపిరి పీలుస్తూ పడుకుంటాయి. ఆ గూటి మీద ఎవడైనా నడిచాడో, అంతే. అందుకే పడవల రేవు దగ్గర రెయినో సొంత ఖర్చుతో ఓ బోర్డు పాతాడు: "గూటి మీద బూటు పెట్టినవాడి గూబ గుయ్యిమంటుంది. ఇట్లు, రెయినో." రాసి ఊరుకోలేదు కూడా. పోయినేడు పక్క కాలవలో గూటికి నాలుగు గజాల దూరంలో నిలబడ్డ పాపానికి ఓ పళ్ల డాక్టర్ని అరగంట సేపు తిట్టాడు. పాపం ఆ డాక్టరు, నోరు తెరవమని జనానికి చెప్పడమే తప్ప అంత నోరు ఎప్పుడూ చూడలేదట.

ఇంతలో నది మారిపోయింది. ఎగువన తొంభై రెండేళ్లుగా ఉన్న ఆనకట్టని కిందటేడు వేసవిలో కూల్చేశారు. ఆనకట్ట పోయింది, దాంతో నది ఆనవాళ్లూ పోయాయి. ఇన్నాళ్లూ ఆ గోడ వెనక ఇరుక్కుపోయిన గులకరాళ్లన్నీ ఒక్క చలికాలంలో కొట్టుకొచ్చాయి. అవి లేకే తొంభై రెండేళ్లూ ఈ పెద్ద పాయలో సాల్మన్లు గూడు కట్టలేదు. లోతున్న చోట మేట పడింది, మేటలున్న చోట లోతు పడింది. పాయ మారింది. పాయ మారాక ఉపాయమూ మార్చుకోవాలి, లేకపోతే మిగిలేది అపాయమే. ఈ మాట రెయినో ఊళ్లో ప్రతివాడికీ చెప్పాడు. తను మాత్రం వినలేదు. అంత గట్టిగా మాట్లాడేవాడికి తన మాట తనకి ఎక్కడ వినపడుతుంది?

అక్టోబరు చివరి శనివారం. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే రెయినోకి తన తెడ్ల చివర్లు కనబడటం లేదు. ఒక్కడే ఉన్నాడు. సోమవారం వచ్చే పట్నవాసులకి స్టీల్‌హెడ్‌లు ఎక్కడ నిలబడుతున్నాయో చూసి పెట్టుకుందామని బయలుదేరాడు. కనబడకపోతేనేం, కాంటోలా మడుగు అతనికి కళ్లతో పనిలేని చోటు. ఆ మడుగుకి పేరిచ్చినవాడు వాళ్ల తాత. ఎడమ పక్క కొండ మీంచి పడే చిన్న జలపాతం చప్పుడు చెవిలో పడగానే లెక్క మొదలుపెట్టాలి. పన్నెండు తెడ్లు వేసి లంగరు వదలాలి. పన్నెండు అడుగుల లోతు. తాత అలాగే చేశాడు, తండ్రి అలాగే చేశాడు, తను నలభై ఏళ్లుగా అలాగే చేస్తున్నాడు.

పన్నెండో తెడ్డు వేశాడు. పదిహేను కిలోల సీసపు ముద్దని వదిలాడు.

"బుడుంగ్" అనాల్సింది "ఖణేల్" అంది.

పడవ గిర్రున తిరిగింది. తాడు బిగిసింది, లంగరు జారింది, కింద రాళ్లని గీరుకుంటూ పడవ వెనకే వచ్చింది. మరుక్షణం పడవ అడుగు నేలకి తాకి ఆగిపోయింది. "మడుగులో అడుగు తగలడమేంటి?" అని విసుక్కుంటూ రెయినో దూకాడు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. పడవ ముక్కు పట్టుకుని నెట్టాడు. ఒక అడుగు, రెండు, ఆరు, ఏడు. బూట్లు మెత్తగా దిగబడుతున్నాయి. జారే రాళ్లే తప్ప దిగబడే రాళ్లు ఆ నదిలో అతను జన్మలో ఎరగడు. అది ఎరగకపోవడమే కొంప ముంచింది, ములగడానికి నీళ్లు చాలకపోయినా.

అప్పుడు మంచు కాస్త పలచబడింది.

కాళ్ల కింద చూసుకున్నాడు. చుట్టూ పాచి పట్టిన గోధుమరంగు రాళ్లు. వాటి నడుమ డబుల్ కాట్ మంచమంత మేర, అప్పుడే తోమిన పళ్లలా తెల్లగా మెరుస్తున్న గులకరాళ్లు. వాటి మీద పొలంలో నాగలి చాలులాగా లంగరు గీసిన గీత. ఆ చాలు పక్కనే విత్తనాలు వేసినంత వరసగా ఏడు బూటు గుంటలు.

ఐదు గజాల ఎగువన ఓ సాల్మన్ ఆడచేప నీటిలో అటూ ఇటూ తిరుగుతోంది. రాళ్లని బాదీ బాదీ దాని తోక అంచు తెల్లగా అరిగిపోయి ఉంది. అది రెయినో వైపు చూసిందో లేదో మనకి తెలియదు. చూసిందనే అతను చివరిదాకా ప్రమాణం చేశాడు.

ఈ పాయలో తొంభై రెండేళ్ల తర్వాత మొదటి గూడు. తొక్కినవాడు బోర్డు రాసినవాడు.

దిగువ రేవు దగ్గర బావమరిది ఉర్హో ట్రక్కు వేసుకుని పడవ కోసం కాచుకుని ఉన్నాడు. హిల్మాకి తమ్ముడు. పడవ నది వంపు తిరక్కముందే రెయినో గొంతు వినబడుతుంది కాబట్టి, ఆ గొంతు వినగానే కునుకు చాలించి ఇంజను వేడెక్కించడం ఉర్హోకి అలవాటు. ఇవాళ పడవ వచ్చి ట్రక్కు చక్రానికి తగిలేదాకా లేవలేదు.

"ఏం బావా, చప్పుడు చెయ్యకుండా దొంగలా వచ్చావ్? ఏమన్నా తగిలిందా?"

"తగిలింది."

"ఏంటది?"

"నేల."

"అదెంత బరువుంటుందేంటి?" అని ఉర్హో పగలబడి నవ్వాడు. రెయినో నవ్వలేదు. తన ముందు ఇంకొకడు జోకు వేస్తే దానిమీద తన జోకు వెయ్యకుండా వదిలే మనిషి కాడు రెయినో. ఉర్హో నవ్వు సగంలో ఆగింది. "ఒంట్లో బాగుందా బావా? జ్వరమా?"

"పడవ ఎక్కించరా ముందు" అన్నాడు రెయినో.

ఇంటికెళ్లి కుర్చీలో కూలబడ్డాడు. హిల్మా కాఫీ పెట్టింది, యాలకుల రొట్టె కోసింది. అతను కాఫీ వైపు చూశాడు, కాఫీ అతని వైపు చూసింది. ఇద్దరూ చల్లారిపోయారు. మధ్యాహ్నం బంగాళాదుంపల చేపల పులుసు పెట్టింది. రెండు చెంచాలు తిని లేచాడు. హిల్మా ఏమీ అడగలేదు. అడిగితే చెప్పే మొగుడు కాదని ముప్ఫయ్యారేళ్ల అనుభవం. శనివారం ఆవిరి స్నానాల రోజు కదా, చీకటి పడకముందే పెరట్లో సౌనా గదిలో పొయ్యి రాజేసి, పిలిచి కూర్చోబెట్టింది. కాలిన రాళ్ల మీద గరిటెడు నీళ్లు పోసింది. చుయ్యిమని ఆవిరి లేచింది. ఇంకో గరిటె పోసింది. మూడో గరిటెకి మొగుడు నోరు విప్పాడు. పొద్దున నీళ్ల కింది రాళ్లు అతని పరువు తీస్తే, సాయంత్రం రాళ్ల మీది నీళ్లు అతని గుట్టు తీశాయి.

అంతా విని హిల్మా గరిటె పక్కన పెట్టింది.

"రేపు గూళ్లు లెక్కపెట్టడానికి మార్లీన్ వస్తోంది కదా?"

"వస్తోంది."

"పడవ నడిపేది నువ్వేనా?"

"ఇంకెవడు? నా అంతట నేనే ఒప్పుకున్నా. 'మీ వాళ్ల నదిలో మొదటి గూడు నా పడవలోంచే చూపిస్తా' అని ఆ అమ్మాయి ముందు మీసం మెలేశా."

"నీకు మీసం లేదుగా."

"లేకే బతికిపోయా. ఉంటే ఇప్పుడు గొరిగించుకోవాల్సొచ్చేది." గొంతు తగ్గించి అన్నాడు. "ఎవరూ చూళ్లేదే హిల్మా. అంతా మంచు. ఓ పెద్ద దుంగ కొట్టుకొచ్చి రాసుకుపోయినా అలాగే ఉంటుంది."

"దుంగలకి బూట్లుండవయ్యా."

రెయినో తన పాదాల వైపు చూసుకున్నాడు.

"అయినా నిన్ను మంచు చూళ్లేదు సరే, చేప చూసింది కదా?" అంది హిల్మా. ఇంకో గరిటె నీళ్లు పోసింది. ఆ ఆవిరికి అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిరికే అనుకుందాం.

మర్నాడు పొద్దున మంచు లేదు. మార్లీన్ రేవు దగ్గరికి వచ్చి, భుజాన సంచీ, చేతిలో రంగు రిబ్బన్ల చుట్టలు, నెత్తిన ఊలు టోపీతో పడవెక్కింది. నలభై మూడేళ్లు. ఆ నది ఒడ్డున అందరికంటే ముందు నుంచీ ఉన్న తెగ ఆమెది. ఆ తెగ తరఫున చేపల లెక్క చూడటం ఆమె ఉద్యోగం. రెయినో తాత వచ్చి మడుగుకి తన పేరు పెట్టినప్పుడు ఆమె ముత్తాత పక్కనే నిలబడి నవ్వుకున్నాడని వాళ్లింట్లో చెప్పుకుంటారు. ఆ నవ్వు వంశపారంపర్యంగా ఆమెకీ వచ్చింది.

రెండు మైళ్లు పోయారు. తెడ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అమ్మాయ్, నీకో మాట చెప్పాలి" అన్నాడు రెయినో.

"హమ్మయ్య, చెప్పండి పెద్దాయనా. మీరింతసేపు మాట్లాడకపోతే నా చెవుల్లో ఏమన్నా అడ్డం పడిందేమోనని రెండుసార్లు వేలు పెట్టి చూసుకున్నా."

"మా తాత మడుగులో గూడుంది."

మార్లీన్ పడవలో సగం లేచి నిలబడింది. "సాల్మన్ గూడా? నిజంగా? ఈ పాయలోనా? ఎప్పుడు చూశారు?"

"తొక్కాక."

ఆమె మొహంలో దీపం వెలగడమూ చూశాడు, ఆరిపోవడమూ చూశాడు. వెలిగించిందీ ఆర్పిందీ రెండు చేతులా తనే. ఇక దాచడానికేమీ మిగల్లేదు కాబట్టి మొత్తం చెప్పేశాడు: జలపాతం, పన్నెండు తెడ్లు, లంగరు, ఏడు అడుగులు. ఆమె తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బావుండునని కూడా ఎదురుచూశాడు. మార్లీన్ నోటుబుక్కు తీసింది.

"ఏ టైముకి?"

"ఏడున్నర."

"లంగరు ఎంత దూరం గీరుకుంది?"

"మూడు గజాలు."

"ఎన్ని అడుగులు వేశారు?"

"ఏడు. రాత్రంతా కూడినా, తీసేసినా ఏడే వస్తున్నాయి."

ఆమె అంతా రాసుకుంది. అప్పుడు నెమ్మదిగా అంది. "ఆ పళ్ల డాక్టర్ని తిట్టింది మీరేనా?"

"నేనే."

"అరగంట సేపట కదా?"

"ఉత్తరం రాస్తా ఆయనకి. నన్ను కూడా అరగంట తిట్టి పొమ్మని పిలుస్తా."

"ఆయన వల్ల కాదులెండి. మా మేనత్త నంబరిస్తా, రెండు గంటలైనా తడుముకోకుండా తిడుతుంది" అంది మార్లీన్. మాటల్లో హాస్యం ఉంది గానీ మొహంలో లేదు. "మావాళ్లంతా పోయిన ఏడాది నుంచీ నన్ను రోజూ అడుగుతున్నారు పెద్దాయనా. గోడ పడ్డాక చేపలొచ్చాయా, గూడు కట్టాయా అని. నేనేమో ఇవాళ, రేపు అంటున్నా. ఒక్క గూడు. మాకు ఒక్కటి చాలు."

రెయినో తెడ్లు గట్టిగా వేశాడు. అవి నిన్నటికంటే బరువుగా ఉన్నాయి.

మడుగుకి ఎగువన, ఇసుక మేట దగ్గరే పడవ ఆపారు. ఒడ్డు వెంట నడుచుకుంటూ దిగువకి పోయారు. నీటి మీది మెరుపు తీసేసే నల్లద్దాలు పెట్టుకుని మార్లీన్ చాలాసేపు చూసింది. తెల్లటి మచ్చ అలాగే ఉంది. చాలు అలాగే ఉంది. బూటు గుంటలు కొంచెం పూడాయి.

"గుడ్లు ఎన్నుంటాయి?" అని అడిగాడు రెయినో.

"నాలుగు వేలు. ఐదు కూడా ఉండొచ్చు."

"తవ్వి చూస్తే?"

"చావగా మిగిలినవి కూడా చస్తాయి."

"మరి తెలిసేదెట్లా?"

"వసంతంలో పిల్లలు పైకి వస్తే బతికినట్టు. రాకపోతే లేనట్టు." మార్లీన్ వేలితో చూపించింది. "ఒక్కమాట చెప్పనా? ఆడచేప మొదటి గుంటలోనే గుడ్లు పెట్టాలని లేదు. మనం పరుపులు కొనేముందు కూర్చుని చూసినట్టు, రెండు మూడు చోట్ల తవ్వి చూసుకుంటుంది. నచ్చకపోతే వదిలేస్తుంది. గుడ్లు పెట్టి కప్పిన గూటికి దిగువ వైపు చిన్న దిబ్బ ఉంటుంది. ఇక్కడ గుంట కనిపిస్తోంది, దిబ్బ కనిపించట్లేదు."

రెయినో గుండె ఒక్కసారి లేచింది. "అంటే గుడ్లు లేవన్నమాట!"

"అంటే దిబ్బ లేదన్నమాట. అది పుట్టనే లేదో, మీ లంగరు చదును చేసిందో ఎవరు చెప్తారు?"

గుండె మళ్లీ కూర్చుంది. కూర్చున్నది ఊరుకోకుండా పరుపు బాలేదన్నట్టు పొర్లింది.

తర్వాత అతను చేసిన పని చూసి మార్లీన్ నల్లద్దాలు పైకి తోసి మరీ చూసింది. అరవై ఒక్కేళ్ల మనిషి, ఒడ్డున బోర్లా పడుకుని, ముక్కు నీటికి తగిలేలా తల వంచి, దిగువ వైపు పాకడం మొదలుపెట్టాడు. చచ్చిన గుడ్డు తెల్లబడుతుంది. తెల్లబడ్డ గుడ్లు నీటి వేగం తగ్గిన అంచుల్లో, ఆకుల మధ్య చేరతాయి. కాంటోలా వంశంలో పుట్టినవాడికి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. పసుపు పచ్చటి ఆల్డర్ ఆకుల్ని ఒక్కొక్కటే తిరగేస్తూ ముప్ఫై గజాలు పాకాడు. చొక్కా తడిసింది, మోచేతులు చెక్కుకుపోయాయి. తెల్లగా కనబడ్డవి మూడు: ఒక గవ్వ, ఒక బీరుసీసా మూత, ఓ గులకరాయి.

"ఏం లేవు" అని లేచి నిలబడ్డాడు. సంతోషించాలో వద్దో తెలియలేదు. నది రాత్రికి రాత్రి మైళ్ల దూరం మోసుకుపోగలదు. లేకపోవడం సాక్ష్యం కాదు.

అప్పుడు చూశాడు. చూసింది దేన్నంటే, ఏమీ లేకపోవడాన్ని.

తెల్లమచ్చకి దిగువన నీళ్లు ఖాళీగా ఉన్నాయి. అద్దంలా ఉన్నాయి. ఒక్క చేప లేదు.

"అమ్మాయ్, ఇక్కడ స్టీల్‌హెడ్‌లేవీ?" అన్నాడు.

"అంటే?"

"పెళ్లి భోజనాల దగ్గర బంతి కూర్చోకపోవడం ఎక్కడన్నా చూశావా? సాల్మన్ గుడ్లు పెట్టిన చోట స్టీల్‌హెడ్‌లు వెనకాల వరసగా నిలబడతాయి. రాళ్ల సందుల్లోంచి జారిన గుడ్లన్నీ వాటికే. నేను నిన్న ఏడడుగులు వేశా. నిజంగా ఇక్కడ గుడ్లుంటే నేను తన్ని లేపిన వాటితో ఈపాటికి ఈ ఏటిలో ఉన్న ఉక్కుతలలన్నీ ఇక్కడే ఉండాలి. ఒక్కటీ లేదు. పులుసు వాసన లేని వంటింటికి ఎవడొస్తాడు?"

మార్లీన్ నల్లద్దాలు సరిచేసుకుంది. ఆమె గూళ్లు లెక్కపెట్టే మనిషి, కాబట్టి రాళ్లు చూస్తుంది. అతను స్టీల్‌హెడ్‌లు పట్టే మనిషి, కాబట్టి నీడలు చూస్తాడు. రెయినో మడుగంతా అంగుళం అంగుళం వెతకడం మొదలుపెట్టాడు. ఈ ఒడ్డు, నడిమి పాయ, ఆ ఒడ్డు. ఆ ఒడ్డున ఓ పెద్ద ఆల్డర్ చెట్టు నీటి మీదికి వంగి ఉంది. దాని కింద నీడ చిక్కగా ఉంది. ఆ నీడలో, దానికంటే చిక్కగా ఇంకో నీడ కదిలింది.

ఒకటి. దాని వెనక రెండు. పక్కన ఇంకొకటి. బూడిదాకుపచ్చ వీపులు, ఎదురుగా ముక్కులు, ఊరి బస్సు కోసం నిలబడ్డ పెద్దమనుషుల్లా వరసగా నాలుగు స్టీల్‌హెడ్‌లు. మొదటిది పక్కకి జరిగి నోరు తెరిచింది. తెల్లటి నోరు మెరిసి మూసుకుంది. ఏదో తిన్నది. మళ్లీ తన వరసలోకి వచ్చింది.

"అదిగో!" అన్నాడు రెయినో.

నిన్న పొద్దున్నుంచీ లోపల బిగబట్టిన గొంతంతా ఆ ఒక్క మాటలో బయటికొచ్చింది. కొంగలు లేచాయి. మార్లీన్ చెవులు మూసుకుంది. స్టీల్‌హెడ్‌లు మాత్రం కదల్లేదు. తినేటప్పుడు ఎవడు కదులుతాడు?

వంగి చూశారు ఇద్దరూ. స్టీల్‌హెడ్‌ల వరసకి రెండు గజాల ఎగువన, నీడలో, ఇంకో తెల్లమచ్చ ఉంది. దాని వెనక స్పష్టంగా చిన్న దిబ్బ. దాని మీద అదే ఆడచేప, తోక అంచు తెల్లగా అరిగిన చేప, పక్కకి ఒరిగింది. వెండి పళ్లెం తిరగేసినట్టు ఒళ్లు మెరిసింది. ఫట్ ఫట్ ఫట్మని తోకతో బాదింది. రాళ్లు లేచి దిబ్బ మీద పడ్డాయి. పక్కనే కొక్కెంలా వంగిన దవడతో మగచేప కాపలా కాస్తోంది.

"కప్పుతోంది" అంది మార్లీన్. "పెట్టేసి, కప్పుతోంది."

"నిన్న నేను తొక్కినప్పుడు దీనికి కోపమొచ్చి అక్కడికి మారిందంటావా?"

"ఒక్క రోజులో అంత దిబ్బ రాదు పెద్దాయనా. ఇది నాలుగు రోజుల పని. మీరు తొక్కింది వదిలేసిన గుంట. మీకంటే ముందే దానికి ఆ చోటు నచ్చలేదు."

రెయినో ఒడ్డున చతికిలబడ్డాడు. నవ్వాడు. నవ్వుతుంటే దగ్గొచ్చింది, దగ్గుతుంటే ముక్కు కారింది, ముక్కుతోపాటు కళ్లు కూడా కారాయి. ఈసారి ఆవిరి మీద తోయడానికి లేదు, పొయ్యి ఇంటి దగ్గరుంది. "తల్లీ, ఎంత తెలివైనదానివే! ఎంత చక్కటి పేచీకోరువే! నువ్వు మొదటి పరుపు వద్దన్నావు చూడు, నీ కడుపు చల్లగా" అని చేపకి దణ్ణం పెట్టాడు.

మార్లీన్ ఫోన్ తీసి, సిగ్నలు కోసం గట్టు పైకి ఎక్కింది. ఏం మాట్లాడిందో రెయినోకి అర్థం కాలేదు, అది వాళ్ల భాష. కానీ అవతల ఎవరో పెద్దగా కేక పెట్టడం గట్టు కిందికి కూడా వినబడింది. ఆ కేక విని, ఈ నది మీద తన గొంతే పెద్దదన్న నమ్మకం కొంచెం సడలింది రెయినోకి.

ఆమె దిగివచ్చి, గూటికి ఎదురుగా ఈ ఒడ్డున ఓ కొమ్మకి నారింజరంగు రిబ్బను కట్టి తారీకు రాసింది. తొక్కిన గుంట ఎదురుగా ఓ పొదకి నీలం రిబ్బను కట్టింది.

"దీనిమీద ఏం రాశావ్?"

"'ఖాళీ గుంట' అని రాశా. ఇంకేం రాయమంటారు?"

"అదే చాలు. అంతకంటే మంచి మాట నా జన్మలో చదవలేదు."

అప్పుడు రెయినోకి ఆకలి గుర్తొచ్చింది. మామూలు ఆకలి కాదు, నిన్నటి కాఫీ, నిన్నటి పులుసు, ఇవాళ్టి ఉపవాసం మూడూ కలిసొచ్చిన ఆకలి. మార్లీన్ సంచీలోంచి పొగబెట్టిన సాల్మన్ ముక్కలు, బ్రెడ్డు తీసింది. ఆమె ఒక ముక్క తినేలోపు అతను ఐదు తిన్నాడు.

"మీ గాలం పడవలోనే ఉందిగా" అంది ఆమె, ఆ ఒడ్డు వైపు చూపిస్తూ. "నాలుగు స్టీల్‌హెడ్‌లు, ఒక్క విసురు దూరం. వెయ్యరా?"

రెయినో చూశాడు. నలభై ఏళ్లలో అన్ని పెద్ద చేపలు అంత నిలకడగా, అంత దగ్గరగా నిలబడటం అతను మూడుసార్లో నాలుగుసార్లో చూసి ఉంటాడు. చెయ్యి దురద పెట్టింది. ఆ చేత్తోనే ఆరో ముక్క తీసుకున్నాడు.

"తింటున్నవాడి పళ్లెంలో గాలం వేస్తామా? పైగా ఈ నాలుగూ నా సాక్షులు. సాక్షుల్ని పట్టుకుని నోట్లో కొక్కెం గుచ్చితే కోర్టు ఒప్పుకుంటుందా?"

తీరా బయలుదేరబోతే చిక్కొచ్చి పడింది. పడవేమో ఎగువన ఉంది, ఇల్లేమో దిగువన. మధ్యలో పడవ పట్టేంత నీళ్లున్న దారి ఒక్కటే. అది ఆల్డర్ చెట్టు కింది నుంచి, సరిగ్గా గూటి మీదుగా పోతుంది. నిన్నటిలా ఈ ఒడ్డు వైపు నెట్టుకుపోదామంటే నీళ్లు మోకాలు దాటవు, పడవ రాళ్లకి గీసుకుంటుంది.

"మెల్లగా, తెడ్డు వెయ్యకుండా, పైపైన తేలిపోతే ఏం కాదేమో" అంది మార్లీన్. "రెండడుగుల నీళ్లున్నాయి."

"నా పడవ నీడ కూడా దాని మీద పడ్డానికి వీల్లేదు" అన్నాడు రెయినో.

ఉర్హోకి ఫోన్ చేశారు. అరగంటలో పొదలు తప్పించుకుంటూ, తిట్టుకుంటూ నడిచొచ్చాడు. సంగతి విన్నాడు. చేపని చూశాడు. టోపీ తీసి, బుర్ర గోక్కుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"బావా, ఇది నూట నలభై కిలోల పడవ. చెక్కది. మీ నాన్న చేసింది."

"తెలుసు. ముందు వైపు నువ్వు పట్టు."

"రెండొందల గజాలు. పొదలు. బురద."

"అందుకే ముందు వైపు నువ్వు పట్టమన్నా."

ఓడలు బండ్లవుతాయని పెద్దలు ఊరికే అనలేదు. ముగ్గురూ కలిసి పడవని నీళ్లలోంచి లాగి, ఇసుక మేట మీద ఈడ్చి, పొదల్లోంచి నెట్టి, ఎత్తి, దించి, మళ్లీ ఎత్తారు. ఉర్హో పదడుగులకొకసారి బావగారి వంశాన్ని తాత నుంచి వరసగా తిట్టాడు. మార్లీన్ ఊలు టోపీ ముళ్లకంప లాగేసుకుంది. రెయినో బూటు ఒకటి బురదలో ఇరుక్కుపోతే, దాన్ని వదిలేసి ఒంటి బూటుతో నెట్టాడు. నడుం విరిగిపోతోంది. మొహం బీట్‌రూట్‌లా ఎర్రబడింది.

"ఏంటి బావా, ఆ నవ్వు?" అని రొప్పుతూ అడిగాడు ఉర్హో. "పడవని మొయ్యడం అంత బాగుందా?"

"బాగుందిరా" అన్నాడు రెయినో. "ఇన్నాళ్లూ ఇదే నన్ను మోసింది. నెట్టు, నెట్టు. ఇంకో వంద గజాలే."